నంజప్ప మెషీనుకు వచ్చిన ఆఖరి ఫ్లాపీ

ఏ యంత్రం ముందు కూర్చున్నా నంజప్ప మొదట చేసే పని ఒకటే. కుడిచేతిని తిప్పి, వేళ్ళ వెనుకవైపును దాని పక్కకు ఆనించి, కాసేపు అలాగే ఉంచుతాడు. పిల్లవాడికి జ్వరం ఉందేమోనని నుదురు తాకి చూసినట్టు. టైపు మెషీనైనా అంతే, టేబుల్ ఫ్యానైనా అంతే. భార్య చిక్కమ్మ పోరి పోరి గ్రైండరు కొనిపించుకున్న రోజున దానికీ చేయి ఆనించి, "బాగుండాది" అన్నాడు.

"ఇంకా కరెంటే ఇయ్యలేదు కదా," అంది చిక్కమ్మ. "ఉత్త ఇనుముకు జ్వరం వస్తాదా?"

"రాకముందే చూసుకోవాల."

ధర్మపురి బస్టాండు వెనక వీధిలో, ఒక మందుల షాపు మేడమీద అతని టైపు ఇన్‌స్టిట్యూట్. ఇల్లు ఆ వెనకే, మెట్లు రెంటికీ ఒకటే. మెట్లెక్కేవాళ్ళకు ముందుగా మెషీన్ల చప్పుడు వినిపిస్తుంది, తరువాత నూనె వాసన తగులుతుంది, ఆ తరువాత నంజప్ప దగ్గు.

అతను పుట్టింది పెన్నాగరం పక్క మెట్టపొలాల ఊళ్ళో. వాన వస్తే రాగి, వేరుశెనగ. రాకపోతే ఏమీ లేదు. వాన రాని ఒక ఏడు బస్సెక్కి ధర్మపురి వచ్చి, టైపు మెషీన్లు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర చేరాడు. టైపు కొట్టడం కంటే ముందు టైపు మెషీను విప్పడం నేర్చుకున్నాడు. దొరల కాలంలో వచ్చిన మెషీన్లు అతని హాల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. రోలరు అరిగితే సైకిలు ట్యూబు తొడిగేవాడు. స్ప్రింగు తెగితే ఇంకెక్కడి స్ప్రింగో తెచ్చి వంచి పెట్టేవాడు. అతని ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, వేళ్ళల్లో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పమని అడగాలని కూడా తోచలేదు.

"చేసినోడు చచ్చిపోయినా చేతిలో పెట్టుకున్నోడు చావనియ్యకూడదు," అని మెషీన్ల గురించి అనేవాడు.

ఎనభై నాలుగులో బెంగళూరులోని ఒక చిన్న కంపెనీ నుంచి కంప్యూటరు తెప్పించాడు. ఆ వీధికి అదే మొదటిది. వెంకటేశప్ప అనే ఇంజనీరు లారీలో దాని పక్కనే కూర్చుని వచ్చి బిగించి ఇచ్చాడు. హాలు చివరి గదిలో దాన్ని పెట్టి, గుమ్మానికి పచ్చ తెర కట్టారు. చెప్పులు తెర బయటే.

టైపు మెషీను తన పని తనకు తెలిసి పుడుతుంది. ఇది అలా కాదు. పొద్దున స్విచ్చి వేయగానే దానికి ఏమీ తెలియదు. సిస్టం ఫ్లాపీ అనే నల్లటి పలుచని పలకను దాని నోట్లో పెడితే, అందులో ఉన్నది చదువుకుని అప్పుడు లేస్తుంది. ఆ సిస్టం కూడా ఎప్పటికీ ఒకటే కాదు. ఏడాదికో రెండేళ్ళకో కంపెనీవాళ్ళు కొత్తది తయారుచేసి పంపుతారు.

"ఇదేమప్పా, దీనికి చదువు అయిపోదా?" అని నంజప్ప మొదటి రోజే అడిగాడు.

"అయిపోదన్నా. లోకంలో కొత్తది వచ్చినప్పుడల్లా దీనికి చెప్తా ఉండాల."

"ఎన్ని దినాలు చెప్తారు?"

"మెషీను ఉన్నన్ని దినాలు," అన్నాడు వెంకటేశప్ప.

నంజప్పకు ఆ మాట నచ్చింది. మెషీనును ఉంచడం తన చేతిలో పని. ఉంచుతాడు. మిగతాది వాళ్ళు చూసుకుంటారు. అన్నట్టే కొత్త ఫ్లాపీలు వచ్చాయి కూడా, బెంగళూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపితే నంజప్ప బస్టాండుకు పోయి తెచ్చుకునేవాడు. ఫ్లాపీ అట్టకవరును ఛాతీకి ఆనించుకుని నడిచి వచ్చేవాడు. ఎదురుపడినవాళ్ళు దేవుడి పటం కట్టించుకొస్తున్నాడేమో అనుకునేవాళ్ళు.

ఎనభై ఎనిమిది ఆయుధపూజ ముందర మరో కొత్త ఫ్లాపీ రావలసి ఉంది. దాని కోసం ఈసారి నంజప్పతో పాటు ఇంకొకరు కూడా ఎదురుచూస్తున్నారు.

పిక్కిలి అనే పల్లె నుంచి సరసు అనే పిల్ల పెన్నాగరం వచ్చి, అక్కడ బస్సు మారి ధర్మపురికి వచ్చేది. తండ్రి రంగస్వామి నంజప్పకు చిన్ననాటి నుంచి తెలిసినవాడు. పిల్ల చదువు అయిపోయింది, పొలంలోకి రమ్మంటాను అని రంగస్వామి అన్నప్పుడు, "నా మెషీను మీద నేర్చుకోనియ్యి. పని నేను చూపిస్తాను," అని నంజప్ప మాటిచ్చాడు. సరసు వేళ్ళు సన్నవి, మాట తక్కువ. తెర వెనక గదిలో ఆ పిల్ల కూర్చుంటే కీల చప్పుడు వాన చినుకుల్లా ఉండేది. సేలం రోడ్డులోని నూలు మిల్లు ఆఫీసులో ఒక చోటు ఖాళీ అయింది. పూజ సెలవులు అయ్యాక శుక్రవారం పరీక్ష. మిల్లులో కొత్త కంప్యూటర్లు, అందులో కొత్త సిస్టం. పరీక్ష దానిమీదే.

"కొత్తది వచ్చేస్తాది పాపా," అని నంజప్ప రోజూ చెప్పేవాడు. "వచ్చినాక రెండు దినాలు చాలు నీకు."

వీధికి అవతల, సైకిల్ షాపు మీద, ఇంకో కంప్యూటర్ సెంటర్ ఉంది. దాన్ని పెట్టినవాడు కందసామి. నంజప్ప దగ్గరే టైపు నేర్చుకున్నాడు, వాళ్ళింట్లో కూడా తెలుగే. కొత్త మెషీను తెచ్చి బోర్డు కట్టిన రోజున నంజప్ప కిటికీలోంచి చూసి, వీధంతా వినేటట్టు, "ఆర్నెల్లు పోనియ్యి, దాంట్లో ఇడ్లీ పెట్టుకుంటాడు," అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మాటల్లేకపోయినా ప్రతి ఆయుధపూజకూ కందసామి బొరుగులు, బెల్లం ఉన్న పళ్ళెం తెచ్చి, గురువుగారి గుమ్మంలో పెట్టి, దండం పెట్టి పోయేవాడు. నంజప్ప ఆ సమయానికి పెరట్లో ఏదో పనిలో ఉండేవాడు.

పూజకు ముందురోజు పొద్దున ఫ్లాపీ వచ్చింది. నంజప్ప అరటి పిలకల కోసం సంతకు పోయి ఉన్నాడు. కండక్టరు తనే మెట్లెక్కి చిక్కమ్మ చేతికిచ్చాడు.

చిక్కమ్మ పుట్టింట్లో ఒక నియమం ఉంది. ఏ కొత్త వస్తువు గడప దాటినా దానికి గంధం, కుంకుమ పెట్టాకే వాడతారు. కొడవలి కావచ్చు, బిందె కావచ్చు, అల్లుడి సైకిలు కావచ్చు. ఇన్నాళ్ళూ ఫ్లాపీలు నంజప్ప చేతిలోనే వచ్చి నేరుగా తెర వెనక్కి పోయేవి. ఈసారి గడప దగ్గర ఆమే ఉంది. పైగా రేపు పూజ. అట్టకు బొట్టు పెడితే ఏమి లాభమని కవరు విప్పింది. నల్లటి పలక. నడుమ గుండ్రటి రంధ్రం. కింద పొడుగాటి చీలిక, అందులోంచి గోధుమరంగు పళ్ళెం కొంచెం కనిపిస్తోంది. నుదురు ఎక్కడా అని తిప్పి తిప్పి చూసింది. ఆ చీలికే నుదురని తోచింది. అరగదీసిన గంధం వేలితో నిలువుగా రాసి, మీద కుంకుమ పెట్టి, దేవుడి గూట్లో ఉంచింది.

నంజప్ప వచ్చేసరికి గంధం ఆరిపోయి ఉంది.

చూశాడు. పంచె కొనతో తుడిచాడు. తుడిచినకొద్దీ గంధం లోపలికి పోయింది.

"ఏమి, తప్పు చేసినానా?" అంది చిక్కమ్మ.

"లేదు లేదు. దాని నోరు అదే. నీకు తెలియదు కదా."

"నోటికా బొట్టు పెట్టినాను!" అని ఆమె నెత్తిన చేయి పెట్టుకుంది.

తెర వెనక సరసు అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. నంజప్ప మెషీను పక్కకు వేళ్ళ వెనుకవైపును ఆనించాడు. ఫ్లాపీ పెట్టి మీట తిప్పాడు. లోపల గరగర మంది. ఆగింది. మళ్ళీ గరగర మంది. మెషీను తెరమీద ఒక్క ఎర్రర్ మాట తప్ప వేరే అక్షరాలు రాలేదు.

"ఎర్రర్ సార్," అంది సరసు మెల్లగా.

"గంధం," అన్నాడు నంజప్ప. "గంధం వల్లే. మెషీనుకు ఏమీ లేదు."

ఆ మాట అతను మధ్యాహ్నం దాకా ఎన్నిసార్లు అన్నాడో. ప్రతిసారీ చిక్కమ్మ వంటింట్లో పాత్ర కింద పెట్టే చప్పుడు కొంచెం గట్టిగా వినిపించింది.

మూడు గంటల బస్సుకు వెంకటేశప్ప దిగాడు. పండక్కి పాపిరెడ్డిపట్టిలోని అత్తగారింటికి పోతూ, ఎప్పుడూ లాగే మధ్యలో ఇక్కడ కాఫీకి ఆగాడు. నాలుగేళ్ళలో కొంచెం లావయ్యాడు, జుట్టు కొంచెం పోయింది. సంగతి విని పడి పడి నవ్వాడు.

"వదినా, బెంగళూరులో గొప్ప గొప్పోళ్ళు చేసినారు దీన్ని. ఎవురూ బొట్టు పెట్టలేదు పాపం."

"నవ్వద్దప్పా," అంది చిక్కమ్మ. "ఆ పిల్లకు శుక్రవారం పరీక్ష."

వెంకటేశప్ప సంచీలోంచి దూది, స్పిరిట్ తీసి, మెషీను లోపల గంధం అంటిన చోటును తుడిచాడు. తన దగ్గర అదే సిస్టం ఇంకొక ఫ్లాపీలో ఉంది. అది పెట్టాడు. ఈసారి గరగర లేదు. సన్నగా ఊపిరి తీసినట్టు శబ్దం. తెరమీద పచ్చటి అక్షరాలు వరుసగా వచ్చాయి. సరసు కుర్చీలో ముందుకు జరిగింది. నంజప్ప గుమ్మం వైపు తిరిగి, "చిక్కా, లేసినాది!" అని కేకేశాడు.

వెంకటేశప్ప నవ్వలేదు. మెషీనుకున్న రెండో నోట్లో టైపు పని చేసే ఫ్లాపీ పెట్టి పేరు కొట్టాడు. తెరమీద ఒకే ఒక వరుస వచ్చి ఆగింది. ఇంకోసారి కొట్టాడు. అదే వరుస.

"చోటు చాలదంటా ఉండాది సార్," అని సరసు చదివింది.

"గంధం ఇంకా ఎక్కడైనా మిగిలిందేమో చూడప్పా."

"గంధం కాదన్నా." వెంకటేశప్ప కుర్చీ వెనక్కి జరిపాడు. "కొత్త సిస్టం శానా పెద్దది. కొత్తల్లుడు వచ్చి ఇల్లంతా కాళ్ళు చాపుకున్నట్టు, అదే పడుకునేసింది. పని చేసేదానికి కూర్చునే చోటు లేదు."

"చోటు పెంచు."

"ఈ మాడలుకు పెంచేదానికి లేదు. దీని చిప్పులు ఇప్పుడు ఎవురూ చేయడం లేదు. లోపల బోర్డే మార్చాల. అది మార్చినాక ఇది ఇది కాదు."

నంజప్ప వేళ్ళు మళ్ళీ మెషీను పక్కకు ఆనాయి. "చెడిపోయిందా, అయితే?"

"చెడిపోలేదన్నా. అదే కదా. దీనికి ఏమీ కాలేదు. మీరు చూసుకుంటే ఇంకా పదేండ్లు నడుస్తాది. పాత సిస్టంతో నిన్న ఏమి చేసినాదో రేపూ అదే చేస్తాది. కొత్తది మాత్రం ఇక రాదు. ఈ మాడలుకు ఏమీ పంపవద్దని ఆఫీసులో చెప్పేసినారు. ఈ ఫ్లాపీ నేనుగా పంపినాను. ఒకటి రెండు చోట్ల పట్టినాది, మీదాంట్లో కూడా పట్టితే పట్టనీ అని."

"మెషీను ఉన్నన్ని దినాలు అన్నావే."

వెంకటేశప్ప కాఫీ గ్లాసును అరచేతుల మధ్య తిప్పాడు. "అన్నాను. మెషీను ఎన్ని దినాలు ఉంటాదో నాకు తెలుసును. కంపెనీ మనసు ఎన్ని దినాలు ఉంటాదో అప్పుడు తెలియదు."

అతను పోయేటప్పుడు చిక్కమ్మ అత్తగారింటికని మురుకులు కట్టి ఇచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు తగ్గాక, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"నా గంధమే అయ్యుంటే బాగుండు," అంది.

నంజప్ప తలాడించాడు. పొద్దుట నుంచి అతనూ అదే అనుకుంటున్నాడు.

మరునాడు ఆయుధపూజ. మెషీన్లన్నీ కడిగి తుడిచి, ఒక్కొక్కదానికి గంధం, కుంకుమ, ఒక చామంతి. ఆ రోజు ఎవరూ ఏ కీ మీదా వేలు పెట్టకూడదు. పనిముట్లు ఊపిరి తీసుకునే రోజు. అయినా సరసు వచ్చింది. పిక్కిలి నుంచి ఒక బుట్టెడు బంతిపూలు మోసుకుని వచ్చింది. పచ్చ తెర పక్కకు తీసి, కంప్యూటరు కీల మధ్య దుమ్మును పాత బ్రష్షుతో ఒక్కొక్క సందులోంచి తీసింది. దానికి దండ వేసింది.

"శుక్రవారం పరీక్షకు పోవద్దా సార్?" అని పనిలో పనిగా అడిగింది, తల ఎత్తకుండా.

"ఎవురన్నారు పోవద్దని?"

"నాయన అన్నాడు. తెలియని దానిమీద కూర్చుని నవ్వులపాలు కావద్దన్నాడు. శెనిక్కాయ పెరికే పని ఉందంట, వచ్చేయమన్నాడు."

నంజప్ప అగరొత్తులు వెలిగించాడు. హారతి పళ్ళెం అందుకున్నాడు.

హారతి అయ్యేసరికి మెట్ల మీద అలికిడి. కందసామి. చేతిలో పళ్ళెం. ఈసారి నంజప్పకు పెరట్లోకి పోయే వ్యవధి దొరకలేదు. కందసామి బొరుగులు, బెల్లం గుమ్మంలో పెట్టి సాష్టాంగపడ్డాడు.

"లెయ్యిరా. ఒళ్ళు పెరిగినాది, లేయలేవు మళ్ళీ," అంది చిక్కమ్మ.

"ఇడ్లీలు తిని పెరిగినాది అక్కా," అన్నాడు కందసామి. "మెషీన్లో పెట్టుకుంటా ఉండాను కదా, దినానికి నాలుగు వాయిలు."

చిక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నంజప్ప కిటికీలోంచి వీధిని చూశాడు.

"వెంకటేశప్ప బస్టాండులో చెప్పినాడు సార్," అన్నాడు కందసామి, ఈసారి తమాషా లేకుండా. "నా దాంట్లో ఆ సిస్టమే ఉండాది. పాపను పంపించండి. శుక్రవారం దాకా పొద్దు పొద్దంతా కూర్చోనీ."

"చూస్తాం," అన్నాడు నంజప్ప.

కందసామి మళ్ళీ ఒకసారి దండం పెట్టి, మెట్లు దిగాడు.

"చూస్తాం అంటే?" అంది చిక్కమ్మ.

"చూస్తాం అంటే చూస్తాం."

"మీరు చూసే లోపల ఆ పిల్ల శెనిక్కాయ పెరికి వేయించి తినేసి ఉంటాది."

భోజనాలయ్యాక హాలు నిశ్శబ్దంగా ఉంది. ఏడాదిలో అంత నిశ్శబ్దం ఆ ఒక్క రోజే. నంజప్ప తెర పక్కకు వచ్చి ఆగాడు. సరసు కుర్చీలో కూర్చుని ఉంది, బస్సు వేళ కోసం. కీల మీద చేయి వేయకూడదు గనక వేళ్ళు మోకాలి మీద పెట్టుకుంది. వేళ్ళు కదులుతున్నాయి. నంజప్ప వాటిని చూశాడు. ఏ వేలు ఏ కీ మీద పడుతోందో అతనికి తెలుస్తుంది. పాత సిస్టంలో మెషీనును లేపే మాట. తరువాత ఫ్లాపీని చూపించమనే మాట. అన్నీ తను నేర్పినవే. ఒక్క తప్పు లేదు. శుక్రవారం ఆ పిల్ల అంతే నిదానంగా, అంతే శుభ్రంగా, అక్కడ లేని దారిలో నడిచిపోతుంది.

అతను వెనక్కి తిరిగి హాల్లోకి వచ్చాడు. చామంతులు పెట్టుకుని టైపు మెషీన్లు వరుసగా ఉన్నాయి. వీటికి ఏ ఊరి నుంచీ ఎన్నడూ ఏమీ రాలేదు. అందుకని ఏ రోజూ చిన్నబుచ్చుకోలేదు.

"పాపా," అని పిలిచాడు. "మీ నాయనకు చెప్పు, శెనిక్కాయ వారం ఆగుతాదని. రేపు పొద్దున్నే రా. బస్సు దిగి ఇటు రావద్దు, ఎదురింటికి రా."

సరసు లేచి నిలబడింది. "మీరు సార్?"

"నేను ముందే పోయి ఉంటాను."

మరునాడు విజయదశమి. కొత్తగా చదువు మొదలుపెట్టేవాళ్ళ రోజు.

నంజప్ప తలంటుకుని, మెషీన్లకు పొద్దుటి హారతి ఇచ్చి, చిక్కమ్మను సాయం పిలిచాడు. ఇద్దరూ కలిసి కంప్యూటరును చివరి గదిలోంచి హాల్లోకి మోసుకొచ్చి, టైపు మెషీన్ల వరుస చివర పెట్టారు. పచ్చ తెర విప్పి మడిచాడు. పాత సిస్టం ఫ్లాపీ పెట్టి మీట తిప్పాడు. లేచింది. నేర్చుకోను వచ్చే చిన్న పిల్లలకు అది చాలు.

"గుమ్మం బోసిపోయినాది," అంది చిక్కమ్మ.

"గాలి వస్తాది."

కొత్త ఫ్లాపీని చిక్కమ్మ మళ్ళీ దేవుడి గూట్లో పెట్టింది, చీలికలో మిగిలిన గంధంతోనే. దాన్ని అక్కడే ఉండనిచ్చాడు. పళ్ళెంలో తమలపాకులు, వక్క, అరటిపండ్లు పెట్టుకుని వీధి దాటాడు. సైకిల్ షాపు మెట్ల కింద చెప్పులు విడిచాడు.

కందసామి గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చాడు. "సార్! చెప్పులు వేసుకోండి సార్, ఇక్కడ ఎవురూ విడవరు."

"నేను విడుస్తాను."

పళ్ళెం చేతికిచ్చాడు. కందసామి దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతుల్లోనూ అటూ ఇటూ మార్చాడు. లోపల సరసు వచ్చి కూర్చునే ఉంది. మొదటి బస్సుకే వచ్చినట్టుంది, జడ ఇంకా తడిగా ఉంది. నంజప్ప ఒక స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. కుడిచేతిని తిప్పి, వేళ్ళ వెనుకవైపును కొత్త మెషీను పక్కకు ఆనించాడు. ఇంకా చల్లగానే ఉంది.

"ఊఁ," అన్నాడు. "మొదట ఏమి కొట్టాలో చెప్పండి సార్."

కందసామి వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని.